సోపతి, సాయబు, ఎర్మాందాద్



మా తాతకు ఒక సోపతి ఉండేవాడు. మాది కుల్కచర్ల దగ్గరి పల్లె. ఆ కాలంలో మా వైపు ఎడ్లు లేని రైతు ఇల్లు అరుదు. ఎడ్ల గిట్టలకు నాలలు కొట్టడానికి వచ్చే ఆయనే తాత సోపతి. ఆ పని చూడటం పిల్లలమైన మాకు పండుగ. ఎద్దును మెత్తటి నేల చూసి పడేసేవాళ్లు. నాలుగు కాళ్లూ దగ్గరికి తెచ్చి మోకుతో కట్టేవాళ్లు. తాత దాని కొమ్ములు పట్టుకొని, మెడ మీద మోకాలు ఆనించి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో మాట్లాడుతుండేవాడు. సోపతి గిట్టను చెక్కి, చీలిన గిట్ట కాబట్టి ఒక్కో కాలికి రెండు రేకులు పెట్టి, ఒక్కో మొలా దింపేవాడు. మొల కొంచెం లోపలికి పోతే ఎద్దు కుంటిదవుతుంది. తల పట్టినవాడి చెయ్యి జారితే మొల కొట్టేవాడి పళ్లు రాలుతాయి. అందుకే ఆ ఇద్దరూ పని చేస్తున్నంతసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. చూడాల్సిన అవసరం ఉండేది కాదు.

తాత ఆయన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "సోపతీ, జర చాయ్ తాగిపో" అనేవాడు. ఆయన కూడా అంతే, "వస్త సోపతీ" అని పోయేవాడు. మేం పిల్లలం మాత్రం ఆయన్ని 'సాయబు తాత' అనేవాళ్లం. ఆయన ముస్లిం.

ఆ రెండు మాటలూ, సోపతి, సాయబు, ఒకే వేరుకు పూసినవని నాకు చాలా ఏండ్ల తర్వాత, తెలుగు పంతులునై పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తెలిసింది. మన సోపతి ఉర్దూలోని 'సొహబత్' నుంచి వచ్చింది. సొహబత్ అరబీ మాట. కలిసి ఉండటం, వెంట ఉండటం దాని అర్థం. ఆ వేరు నుంచే 'సాహిబ్' అనే మాట పుట్టింది, మన సాయబు అదే. సాహిబ్ అంటే మొదటి అర్థం వెంట ఉన్నవాడు, తోడుగాడు. ముహమ్మద్ ప్రవక్త వెంట నడిచినవారిని 'సహాబా' అంటారు, అదీ ఈ వేరుదే. ఈ మాట అరబ్బు నేల దాటి, పారశీకం మీదుగా మన దేశానికి వచ్చేసరికి సాహిబ్ అంటే దొర అయ్యాడు. కలెక్టర్ సాబ్, పోలీస్ సాబ్, డాక్టర్ సాబ్ అంటున్నాం. ఒకే తల్లి పిల్లల్లో ఒకడు కచ్చేరిలో కుర్చీ ఎక్కాడు, ఇంకొకడు మా ఇంటి ముందు ఎద్దు కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కుర్చీ ఎక్కినవాడు సాబు. కింద కూర్చున్నవాడు సోపతి.

ఈ రోజు నేను మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే. మనుషులు ఒకరినొకరు అన్నదమ్ములని పిలుచుకోవడానికి చేసుకున్న మాటలు దేశాలు దాటి పోతాయి. పోయిన చోట వాటి బతుకు ఎలా ఉంటుంది? ఏ మాట కుర్చీ ఎక్కుతుంది, ఏ మాట కింద కూర్చుంటుంది?

దీనికి ఒక దూరదేశపు ఉదాహరణ చెప్తాను. స్పెయిన్ భాషలో అన్నదమ్ముల కట్టును 'ఎర్మాందాద్' అంటారు. సోదరుడు అనేదానికి వాళ్ల మాట 'ఎర్మానో'. ఇది ఎలా పుట్టిందో వింటే మనకు చుట్టరికం తగులుతుంది. లాటిన్‌లో అన్నదమ్ములకు 'ఫ్రాతెర్' అనే మాట ఉంది. సంస్కృతపు 'భ్రాతృ', పారశీకపు 'బిరాదర్', ఇంగ్లీషు 'బ్రదర్' అన్నీ దాని వరసే. అయితే ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన సొంత సోదరుడని గట్టిగా చెప్పాలంటే 'ఫ్రాతెర్ గెర్మానుస్' అనేవాళ్లు. గెర్మానుస్ అంటే ఒకే మొలక నుంచి వచ్చినవాడు. కాలక్రమాన స్పెయిన్ వాళ్లు ఫ్రాతెర్‌ను మఠాల్లోని సన్యాసులకు వదిలేసి, ఇంటి వాడకానికి గెర్మానుస్‌ను ఉంచుకున్నారు. అదే నలిగి నలిగి ఎర్మానో అయింది.

మన 'తోబుట్టువు' అంటే తోడ పుట్టినవారు. 'సోదరుడు' అంటే ఒకే ఉదరం పంచుకున్నవాడు. గ్రీకుల 'అదెల్ఫోస్' అంటే కూడా ఒకే గర్భం వాడనే. ఎక్కడి మనిషైనా ఈ మాట కోసం తల్లి కడుపు దగ్గరికో, విత్తనం దగ్గరికో పోయాడు. కానీ ఆ మాటను వాడుకున్నది మాత్రం ఒక కడుపున పుట్టని వాళ్ల కోసం. నెత్తురు కలవని చోటనే దాని అవసరం ఎక్కువ పడింది.

మధ్యయుగాల్లో స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యంలో దారులు భద్రంగా ఉండేవి కావు. దొంగలు బాటసారులను కొట్టి దోచుకునేవాళ్లు. రాజుల మధ్య పోరు, జమీందార్ల జులుం. అప్పుడు పట్టణాలు ఒకదానితో ఒకటి ఒప్పందం చేసుకున్నాయి. మా ఊరి వాణ్ణి మీ పొలిమేరలో కొడితే మీరు రండి, మీ ఊరి వాణ్ణి మా పొలిమేరలో కొడితే మేం వస్తాం అన్న కట్టు అది. ఆ కట్టుకు పెట్టుకున్న పేరే ఎర్మాందాద్. భయపడిన మనుషులు ఒకరికొకరు తోడు పోవడంలో పుట్టిన మాట.

1476లో రాణి ఇసాబెల్, రాజు ఫెర్నాందో ఆ కట్టును తమ చేతిలోకి తీసుకున్నారు. దానికి 'పవిత్ర ఎర్మాందాద్' అని పేరు వచ్చింది. ప్రతి 100 గడపలకు ఒక రౌతును పోషించాలని లెక్క కట్టారు. దానికి పన్ను, సొంత న్యాయస్థానం ఏర్పడ్డాయి. పట్టుబడిన దొంగను బాణాలతో కొట్టి చంపే శిక్ష దాని చేతిలోనే ఉండేది. 1498లో దాని కేంద్ర సభ రద్దయినా, పల్లెదారుల్లో ఆ దళాలు 19వ శతాబ్దం దాకా మిగిలాయి. ఆ కాలంలోనే అన్నదమ్ములు అనే మాటకు జనం జడవడం మొదలుపెట్టారు. 1605లో వచ్చిన సెర్వాంతెస్ నవల 'దోన్ కిహోతే'లో సాంచో పాంజా అనే పల్లెటూరి వాడు, తన యజమాని గొలుసులు వేసిన ఖైదీలను విడిపించగానే, ఎర్మాందాద్ వాళ్లు వస్తారని వణికిపోయి, కొండల్లోకి పారిపోదామంటాడు. సోదర సంఘం పేరు వింటే పరుగెత్తాల్సి వచ్చింది. ఇంకొక మాటా ఉంది. ఆ దళం వాళ్ల చొక్కా చేతులు పచ్చగా ఉండేవట. అంతా అయిపోయాక వచ్చే సాయాన్ని చూసి "మంచి వేళకు వచ్చారు, పచ్చచేతుల వాళ్లు" అని స్పెయిన్‌లో ఇప్పటికీ అంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని మనం అనే సందర్భం అది.

ఎర్మాందాద్ అనే మాట స్పెయిన్ దాటి డచ్చి, జర్మన్ భాషల్లోకి పోయింది. అక్కడి వాళ్లు దాన్ని ఏ అర్థంలో తీసుకున్నారు? పోలీసు! డచ్చివాళ్లు, జర్మన్లు పోలీసులను ఎగతాళిగా 'పవిత్ర ఎర్మాందాద్' అంటారు. అరువు తెచ్చుకున్నప్పుడు అన్నదమ్ములు రాలేదు, లాఠీ మాత్రం వచ్చింది. మనకు సాహిబ్‌లోని తోడుగాడు రాకుండా దొర వచ్చినట్టే.

అదే మాట తూర్పుకు, ఓడలెక్కి ఫిలిప్పీన్ దీవులకు పోయింది. ఆ దీవులను స్పెయిన్ మూడు వందల ఏండ్లకు పైగా ఏలింది. అక్కడ ఆపోలినారియో దె లా క్రూస్ అనే యువకుడు ఉండేవాడు. 1814లో లుక్బాన్ అనే ఊళ్లో పుట్టాడు. సన్యాసుల సంఘంలో చేరి ఫ్రాతెర్ కావాలని అతని కోరిక. స్థానికుడివి, నీకు ఇక్కడ చోటు లేదన్నారు. దేవుడి ఇంట్లో అన్నదమ్ములమని చెప్పుకునే చోట తలుపు మూశారు. అతను 1832లో తన వాళ్లతో సొంతంగా ఒక సోదర కూటమి కట్టాడు. వేలమంది పేద రైతులు, స్త్రీలు, పురుషులు అందులో చేరారు. జనం అతన్ని 'ఎర్మానో పులే' అన్నారు, అంటే పులే అన్న. ఆ కూటమికి గుర్తింపు ఇవ్వమని మళ్లీ మళ్లీ అడిగాడు. ఇవ్వలేదు. నిషేధించారు, సైన్యాన్ని పంపారు. 1841 నవంబర్ 4న అతన్ని చంపారు. అప్పటికి అతని వయసు 27 ఏండ్లు.

ఆ పులే అన్న కథ చదివినప్పుడు నా మనసు చాలాసేపు కుదుటపడలేదు. ఎందుకంటే అందులో మన ఊళ్లు కనిపించాయి. ఒకే దేవుడంటూ గుడి మెట్ల దగ్గరే ఆపిన చేతులు కనిపించాయి. ఇంకొక సంగతి కూడా దాచకూడదు. తెల్లవాళ్లు గానీ, కలగలుపు సంతతి వాళ్లు గానీ తన అనుమతి లేకుండా తన కూటమిలో చేరరాదని పులే కూడా నియమం పెట్టాడు. దెబ్బ తిన్నవాడు పెట్టుకున్న కంచె అది, అర్థం చేసుకోవచ్చు. కంచె మాత్రం కంచే. అన్నదమ్ములమని కొందరు చేతులు కలిపిన ప్రతిసారీ, ఆ చేతుల గుండ్రానికి అవతల ఎవరో ఒకరు నిలబడిపోతారు.

మన దగ్గర ఈ సంగతి తెలియని వాళ్లెవరు? మా వైపు తండ్రి వైపు వాళ్లను, ఒక్క మూలపురుషుని బిడ్డలను 'పాలోళ్లు' అంటాం. పాలు పంచుకునేవాళ్లు, భాగస్తులు. సావుకు, పురుడుకు అంటుముట్టు పట్టేది వాళ్లకే. పాడె మోయాల్సింది వాళ్లే. గెట్టు దగ్గర గొడ్డలి పట్టుకొని నిలబడేది కూడా వాళ్లే. 'దాయాది' అనే మాట చూడండి. ఆస్తిలో పాలున్నవాడు అని దాని అర్థం. ఇప్పుడు ఆ మాట వినగానే మనకు పగే గుర్తుకొస్తుంది. నెత్తురు ఇచ్చిన చుట్టరికం పంపకం దగ్గర తెగుతుంది. సోపతికి పంపకం లేదు, గెట్టు లేదు.

మా ప్రాంతపు నోట్లో అన్నదమ్ముల మాటలు ఎన్ని! కుల్కచర్ల చుట్టూ తండాలున్నాయి, అక్కడ లంబాడీలు తమ భాషలో పలకరించుకుంటారు. తాండూరు వైపు నాపరాళ్ల గనుల దగ్గరికి పోతే కన్నడం కలుస్తుంది. సర్కారు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది కదా, ఆ కందులు అమ్ముకునే మార్కెట్లో ఒక గంట నిలబడండి. 'అన్నా', 'భాయ్', 'తమ్మీ', 'దోస్త్', 'కాకా' అని నాలుగు భాషల మాటలు ఒకే బస్తా మీద వాలుతుంటాయి. అన్న అనే మాట తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి సొత్తు, తక్కెడ అటు పక్కన ఉన్నవాడు ఏ భాషవాడో దాన్ని బట్టి చెప్పలేం.

ఆ 'అన్న' కూడా ఎన్ని దారులు తొక్కింది! బస్సు కండక్టరూ అన్నే, ఆటో అతనూ అన్నే. నాయకుడి ఫ్లెక్సీ మీదా అన్నే. తుపాకి పట్టి అడవిలోకి పోయినవాళ్లను కూడా తెలంగాణ పల్లెలు 'అన్నలు' అన్నాయి. స్పెయిన్‌లో అన్నదమ్ముల మాట వెంటాడే దళానికి పేరైతే, మన దగ్గర దళాలు వెంటాడిన వాళ్లకు పేరైంది. అంతకు ముందు, 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ పోరాట కాలంలో మన ఊళ్లకు ఇంకొక మాట వచ్చింది. కామ్రేడ్. ఇదీ స్పెయిన్ బిడ్డే! 'కామరా' అంటే గది. ఒక్క గదిలో పండుకునే సిపాయిలు ఒకరికొకరు 'కామరాదా'. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు పోయి, అక్కణ్ణుంచి నల్లగొండ, వరంగల్ పల్లెలకు చేరింది. చదువురాని పాలేరు నోట కామ్రేడ్ పలికినప్పుడు, దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచిన మనిషి, తన పక్కవాణ్ణి మొదటిసారి తనతో సమానమైన పేరుతో పిలిచాడు. ఆ మాట విలువ అది.

మన రాజ్యాంగ పీఠికలో కూడా ఒక మాట ఉంది. సౌభ్రాతృత్వం. 1949 నవంబర్ 26న ఆమోదించిన ఆ పీఠిక మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో అచ్చయి ఉంది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఒకటి లేకుండా ఒకటి నిలవవని డాక్టర్ అంబేద్కర్ దానికి ముందు రోజు, నవంబర్ 25న, రాజ్యాంగ సభలో చెప్పాడు. నేను బడిలో ఆ మాట చదివించినప్పుడల్లా పిల్లల నాలుక తడబడేది. సౌభ్రాతృత్వం, ఎంత కష్టపడి పలకాలి! ఒకసారి ఒక అమ్మాయి లేచి "అంటే ఏంది సార్?" అని అడిగింది. "సోపతి బిడ్డా" అన్నాను. తరగతి మొత్తం నవ్వింది. అందరికీ అర్థమైంది.

నేను ఆ జవాబు తొందరపడి చెప్పలేదు. చట్టం నాకు సమానుణ్ణి చూపిస్తుంది. కానీ ఎద్దు తల గట్టిగా పట్టుకునే చెయ్యి చట్టం ఇవ్వలేదు. స్పెయిన్‌లోని సెవీయా నగరంలో ఇప్పటికీ ఎర్మాందాద్‌లు ఉన్నాయి. లాఠీ పట్టనివి, పాత అర్థంలోనే మిగిలినవి. ఏసుక్రీస్తును శిలువ వేసిన వారంలో వాళ్లు బరువైన విగ్రహ పీఠాలను మోసుకొని వీధుల్లో నడుస్తారు. పీఠం కింద ఎవరున్నారో బయటికి కనిపించదు, తెర కింద కాళ్లు మాత్రమే కదులుతుంటాయి. ఆ సంఘం పెద్దను 'ఎర్మానో మయోర్' అంటారు, అంటే పెద్దన్న. అదే నగరంలో 'సాంతా కారిదాద్' అనే ఒక ఎర్మాందాద్ ఉంది. ఉరి తీసినవాళ్లు, నదిలో మునిగి తేలినవాళ్లు, ఎవరూ లేని పీనుగులు, వాళ్లను మోసుకుపోయి మట్టి చేయడం ఆ సంఘం మొదట పెట్టుకున్న పని. అది చదివి నేను పుస్తకం మూసి పెట్టాను. ఎందుకంటే మనకు కూడా మనిషి సంపాదనకు కొలత అదే కదా. మోసేందుకు నలుగురు ఉండాలె అంటాం.

మా ఊళ్లల్లో మొహర్రానికి పీర్లు లేపితే కులం చూడకుండా భుజాలు కలిసేవి. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి, ఈడువాణ్ణి అలాయ్ బలాయ్ తీసుకుంటే ఏడాదంతా మాట్లాడని పాలోళ్లు కూడా ఆ ఒక్క పూట మాట్లాడేవాళ్లు. ఈ అలవాట్లలో మాట తక్కువ, భుజం ఎక్కువ. కుర్చీ ఎక్కిన మాటలను ఒకసారి గుర్తు చేసుకోండి. ఎర్మాందాద్ అయినా, సాహిబ్ అయినా, ఎదుటివాడి పక్కన భుజం పెట్టడం మానేసిన రోజున దొరలయ్యాయి. సోపతి ఇంకా దొర కాలేదు. సోపతి సాబ్ అని ఎవరూ అనరు. ఆ మాటను అలాగే కాపాడుకోవాలని నా కోరిక. మన పిల్లలు ఫ్రెండ్ అంటున్నారు, బ్రో అంటున్నారు. బ్రో కూడా ఫ్రాతెర్ చుట్టమే, దానితో నాకు పేచీ లేదు. ఏ మాటైనా తెచ్చుకోండి. మాటతో పాటు భుజాన్ని కూడా తెచ్చుకోండని మాత్రం అడుగుతాను.

తాత పోయిన రోజు నేను ఏడో తరగతిలో ఉన్నాను. అప్పటికి గెట్టు పంచాయితీ వల్ల తాతకూ, ఆయన సొంత తమ్ముడికీ ఆరేండ్లుగా మాటల్లేవు. అయినా చిన్నతాత వచ్చాడు, ఆయన కొడుకులు వచ్చారు. నాయిన నిప్పుల కుండ పట్టుకొని ముందు నిలబడ్డాడు. పాడె లేపే వేళకు సాయబు తాత గుంపును తోసుకుంటూ వచ్చి ఒక కొన దగ్గర వంగాడు. ఎవరో పెద్దమనిషి "ఆయన ఎట్ల పడుతడు? పాలోళ్లున్నరు కద" అన్నాడు. అందరూ ఆగిపోయారు. అప్పుడు ఆ కొన పట్టుకొని ఉన్న చిన్నతాత, ఏమీ అనకుండా, పక్కకు జరిగి చోటిచ్చాడు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలిచే ఆనవాయితీ అక్కడే. ప్రాణం ఏమైనా మిగిలి ఉంటే పలుకుతారని ఆశ. నాయిన వంగి "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. లేవబోతుంటే, రెండో వైపు సాయబు తాత మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎద్దు చెవి దగ్గర తాత వంగినట్టే, తాత చెవి దగ్గరికి వంగాడు.

"సోపతీ" అన్నాడు. కొంచెం ఆగి, "సోపతీ" అన్నాడు. మూడోసారి ఆయన గొంతు మాకు వినిపించలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాను.